తేట ఎవరి వాటా? మడ్డి ఎవరి వాటా?

బీరు తేటగా ఉందా లేదా అన్నది కూడా సాహిత్య మిత్రుల మధ్య చర్చ అవుతుందని నేను అనుకోలేదు. కానీ ఈ మధ్య ఉస్మానియా క్యాంపస్ చుట్టుపక్కల, ముఖ్యంగా తార్నాక ఫ్లాట్లలో, కవులూ అధ్యాపకులూ పరిశోధకులూ కలిసే ఆదివారం సాయంత్రాల్లో అదే మాట. అమెరికా నుంచి వచ్చే అన్నదమ్ములు, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం అమ్మే బీరు కిట్లు సూట్‌కేసుల్లో తెచ్చి ఇస్తున్నారు. బార్లీ మాల్టు పాకం, ఒక పొట్లం ఈస్టు, హాప్ పూల గుళికలు, ఒక గాజు జాడీ, గాలి బయటికి పోయి లోపలికి రాకుండా ఒక మూత, సైఫన్ గొట్టం. నెల తిరిగేసరికి గ్లాసును కిటికీ వెలుతురుకు పట్టి చూపిస్తారు. 'అద్దంలా ఉంది చూశారా!' అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టినంత పని చేస్తారు. రుచి గురించి మాత్రం ఎవరూ ఏమీ అనరు. అనకపోవడమే మంచిదేమో.

మొదటే చెప్పేస్తాను, ఇది మద్యపానం మీద వ్యాసం కాదు. తాగే ఆడవాళ్ళకూ తాగే మగవాళ్ళకూ చెప్పడానికి నా దగ్గర నీతిపాఠాలు లేవు. నా గొడవంతా ఆ 'తేట'తోనే. ఇంట్లో చేసిన బీరు తేటపడడానికి ఎవరు ఏం వదులుకున్నారు? తేటపడ్డాక ఏది పారబోశారు? ఆ పనికి ఎవరికి పేరు వస్తుంది, ఎవరి మీద కేసు పడుతుంది? ఇవేమీ అడక్కుండా దాన్ని ఒక కొత్త ఇంటి కళ అని మెచ్చుకోవడం కుదరదంటున్నాను. మెచ్చుకుంటున్న వాళ్ళలో మన స్త్రీవాద మిత్రులు కూడా ఉన్నారు కాబట్టి ఈ మాట ఈ పేజీల్లోనే అనాల్సి వస్తోంది.

అసలు బీరు ఎందుకు మసకగా ఉంటుంది? పులియడం అయిపోయాక కూడా ఈస్టు కణాలు లెక్కలేనన్ని అందులో తేలుతూ ఉంటాయి. అది ఒక మసక. బార్లీలోంచి వచ్చిన ప్రోటీన్లూ, బార్లీ పొట్టులోంచీ హాప్ పూలలోంచీ వచ్చిన వగరు పదార్థాలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఇంకో మసక తెస్తాయి. పాత్రలు శుభ్రంగా లేక వేరే సూక్ష్మజీవులు చేరితే వచ్చే మసక మూడోది. అది ఎన్నాళ్ళుంచినా పోదు, ఆ బీరు పారబొయ్యాల్సిందే. ఈస్టు మసకకు మందు అక్కర్లేదు. కణాలు వాటంతట అవే గుంపులు కట్టి అడుక్కి దిగుతాయి. రెండు మూడు వారాలు కదపకుండా ఓ మూల ఉంచితే చాలావరకు తేరుకుంటుంది. ప్రోటీన్ల మసక మాత్రం విచిత్రమైంది. బీరు చల్లబడితే కనిపిస్తుంది, మళ్ళీ గది వేడికి వస్తే కరిగిపోతుంది. దానివల్ల ఆరోగ్యానికి నష్టం లేదు, నాలుక్కి తెలిసేదీ పెద్దగా ఉండదు. అంటే బీరు చల్లగానూ ఉండాలి, గ్లాసులోంచి అవతలి మనిషి ముఖమూ కనిపించాలి అని పట్టుబట్టేవాళ్ళకు మాత్రమే అదొక సమస్య!

దీనికి కిట్టుతో వచ్చే పుస్తకాలు చెప్పే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. మాల్టు నీళ్ళు మరిగించేటప్పుడు చివరి పది పదిహేను నిమిషాల్లో ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచు వెయ్యడం ఒకటి. పులిసిన తర్వాత జెలటిన్ గానీ, చేప గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ గానీ కలపడం ఇంకొకటి. ఈస్టు కణాల మీద రుణావేశం ఉంటుంది, వీటి మీద ధనావేశం. రెండూ అతుక్కుని బరువెక్కి దిగిపోతాయి. అన్నిటికన్నా తేలిక అని చెప్పేది మూడోది. జాడీని ఒకటి రెండు డిగ్రీల చలిలో రెండు మూడు రోజులు ఉంచడం. కోల్డ్ క్రాష్ అంటారు. చలికి ప్రోటీన్ల మసక ముందే గడ్డకట్టి ఈస్టుతో పాటు అడుక్కి చేరుతుంది, మూడు వారాల పని మూడు రోజుల్లో అయిపోతుంది.

పుస్తకంలో ఇదంతా 'చల్లని చోట ఉంచండి' అని ఒక్క వాక్యం. ఆ వాక్యం రాసినవాళ్ళ ఇంటికి నేలమాళిగ ఉంటుంది, లేదా గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలకు చేరే ఊళ్ళో, తార్నాకలోని రెండు బెడ్‌రూముల ఫ్లాటులో, అంత చల్లని చోటు ఒక్కటే ఉంటుంది. అది వంటింటి ఫ్రిజ్.

మేమంతా 'అన్న' అని పిలిచే ఒక అధ్యాపకుడి ఇంట్లో జరిగింది చెబుతాను. అభ్యుదయవాదే. స్త్రీవాద సాహిత్యం మీద తన దగ్గర పరిశోధన చేసిన అమ్మాయిలు నలుగురైనా ఉంటారు. గాలన్ జాడీ, అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. అది నిలబడాలంటే ఫ్రిజ్‌లో ఒక అర తీసెయ్యాలి. ఆ అర మీదివీ దాని కిందివీ ఎక్కడికి పోవాలి? నేను వెళ్ళేసరికి వదిన పొయ్యి దగ్గర ఉంది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి అప్పుడే వచ్చినట్టుంది, చీర కూడా మార్చుకోలేదు. భోజనాల దగ్గర పెరుగడిగితే నవ్వింది. 'పెరుగు కింది ఇంట్ల ఉన్నది. ఇడ్లీ పిండి సుత ఆడ్నే. పాలు పొద్దుగాల్నుంచి మూడుసార్లు కాగబెట్టిన, ఇరుగుతయేమోనని' అంది. 'ఎల్లుండిదాకా గా జాడీ కదలొద్దట.'

ఆదివారం అతిథులు వస్తున్నారు కాబట్టి తొందర. లేకపోతే ఓ మూల పెట్టి ఇంకో మూడు వారాలు ఆగితే సరిపోయేది. సీసాలు కడిగి, వేడినీళ్ళలో ఉంచి, బోర్లించి ఆరబెట్టింది కూడా ఆమే. చివరికి ఐదు సీసాలు నిండాయి. ఐదు సీసాల తేట కోసం ఒక ఇంటి తిండి మూడు రోజులు కిందింటికి వలసపోయింది. కిందింటావిడ తన ఫ్రిజ్‌లో ఏం తీసి చోటిచ్చిందో నాకు తెలియదు. అన్న దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. ఎంతో శ్రద్ధగా రాస్తాడు. ఏ తేదీన ఈస్టు వేసిందీ, గది వేడి ఎంత ఉన్నదీ, హైడ్రోమీటరు ఎంత చూపించిందీ, అన్నీ. ఆ పేజీలో 'రెండు డిగ్రీలు, 48 గంటలు, తేరింది' అని ఉంది. ఫ్రిజ్ ఖాళీ అయిన సంగతి లేదు, సీసాలు కడిగిన సంగతి లేదు. సీసాల మీద అతికించిన చీటీల మీద మాత్రం తయారుచేసినవారి పేరు ఉంది. ఒక్క పేరే.

'ఫ్రిజ్ అరను కూడా రాజకీయం చెయ్యాలా?' అని ఒక మిత్రుడు అడిగాడు, ఈ సంగతి చెబితే. చెయ్యాలి. ఫ్రిజ్‌లో ఏది ఏ అర మీద ఎన్నాళ్ళు నిలుస్తుందో, ఏది ముందు వాడెయ్యాలో, ఏది ఎవరి టిఫిన్ డబ్బాలోకి పోవాలో తలలో పెట్టుకుని తిరిగే మనిషి ఎవరు? ఆ తలలోని లెక్కనంతా రెండు రోజులు చెరిపేసి, 'కొంచెం సర్దు' అనే రెండు మాటల్లో తేల్చేస్తున్నప్పుడు అది రాజకీయం కాక ఇంకేమిటి? ఆఫీసులో అతని బల్ల మీది కాగితాలు ఇలాగే ఎవరైనా ఎత్తి పక్క గదిలో పడేస్తే ఊరుకుంటాడా?

ఇదే వదిన వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి పులియబెడుతుంది. డిసెంబరులో గిన్నెను దుప్పటి చుట్టి పెడుతుంది, మే నెలలో మూడు గంటలకే ఫ్రిజ్‌లోకి తోస్తుంది. చెయ్యి పెట్టి చూసి ఉప్పు ఇప్పుడు వెయ్యాలా తర్వాతా అన్నది నిర్ణయిస్తుంది. అదీ సూక్ష్మజీవులతో వ్యవహారమే. అందులోనూ ఉష్ణోగ్రత ఉంది, సమయం ఉంది, తప్పితే పారబోసే ప్రమాదం ఉంది. ఆ పిండి పొంగినందుకు ఇంతవరకు ఎవరూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించలేదు. తేటపరచడం కూడా మన ఆడవాళ్ళకు కొత్త విద్యేమీ కాదు. వానాకాలం చెరువు నీళ్ళు బురదగా వస్తే కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసి ఉంచేవాళ్ళు. మన్ను దిగిపోయేది. ఇండుపగింజ అనీ అంటారు, సంస్కృతంలో కతకం. జెలటిన్ జాడీలో చేసేది ఏదో ఆ గింజ కుండలో చేసేదీ దాదాపు అదే. మనువంతటివాడు కూడా, కతకం పేరు తలుచుకున్నంత మాత్రాన నీళ్ళు తేరుకోవని ఒప్పుకున్నాడు! ధర్మం గురించి ఉపమానంగా అన్నాడనుకోండి. ఆ గింజ అరగదీసే చెయ్యి ఎవరిదో మాత్రం చెప్పలేదు. కోస్తా ఇళ్ళలో తరవాణి కుండ ఉండేది. పైన తేట, కింద అన్నం. చారులోనూ అంతే, తేట ఒకరికి, అడుగుది ఇంకొకరికి. అందరూ తిని లేచాక గిన్నె అడుగున మిగిలింది ఎవరి కంచంలోకి పోతుందో మనలో తెలియనివాళ్ళు ఎవరు?

ఇప్పుడు మన స్త్రీవాద మిత్రుల సంగతి. వాళ్ళు చెప్పేదేమిటంటే, బీరు మొదట ఆడవాళ్ళదే, మనం దాన్ని తిరిగి సొంతం చేసుకోవాలి అని. సుమేరియన్లకు బీరు దేవత నింకాసి, హమ్మురాబి శాసనంలో సారా దుకాణం నడిపే ఆడవాళ్ళు, మధ్యయుగాల ఇంగ్లండులో ఏల్ కాచే ఆడవాళ్ళు. మంత్రగత్తెల మొనదేలిన టోపీ ఈ ఏల్ అమ్మే ఆడవాళ్ళ నుంచే వచ్చిందని కూడా చెబుతారు. ఆ టోపీ కథకు సరైన ఆధారం లేదు, దాన్ని వదిలెయ్యడమే మంచిది. మిగతావి నిజమే. కానీ ఆ నిజాన్ని స్వర్ణయుగం చేసి చెప్పడం మీద నాకు అభ్యంతరం ఉంది. జుడిత్ బెనెట్ 1996లో తెచ్చిన పుస్తకం 1300 నుంచి 1600 దాకా ఇంగ్లండులో ఏల్, బీరు కాచిన ఆడవాళ్ళ మీదే. ఆమె చూపించింది స్వర్ణయుగాన్ని కాదు. అది తక్కువ గౌరవం, తక్కువ లాభం ఉన్న పని కాబట్టే ఆడవాళ్ళ చేతుల్లో ఉంది. లాభం పెరిగిన కొద్దీ చేతులు మారింది.

చేతులు మారడానికి ఒక ముఖ్య కారణం హాప్ పూలు. హాప్ వెయ్యని ఏల్ కొద్ది రోజుల్లోనే పులిసి చెడిపోతుంది. కాచినది కాచినట్టు ఇంటి ముందే, ఇరుగుపొరుగుకే, మసకగా ఉండగానే అమ్ముకోవాలి. హాప్ వేసిన బీరు నెలల తరబడి నిలుస్తుంది. నిలుస్తుంది కాబట్టి పెద్ద ఎత్తున కాచి, పీపాల్లో నింపి, దూరం పంపి అమ్మవచ్చు. అందుకు పీపాలు కావాలి, గిడ్డంగి కావాలి, అప్పు పుట్టాలి, ఒప్పందాల మీద సంతకం చెల్లాలి. పెళ్ళైన ఆడదాని సంతకం చెల్లని కాలంలో ఇవన్నీ ఎవరికి దొరుకుతాయి? ఇంకో సంగతి గమనించండి. తేట అనేది ఆగగలిగిన వాళ్ళకే సాధ్యం. ఇవాళ అమ్మితేగాని ఇవాళ పొయ్యి వెలగని మనిషి మసకగానే అమ్ముతుంది. సరుకును నెలల పాటు గిడ్డంగిలో పడుకోబెట్టగలిగినవాడిది తేటపడుతుంది. ఆ తర్వాత 1842లో పిల్సెన్‌లో బంగారు రంగు బీరు వచ్చింది, గాజు గ్లాసులు చవకయ్యాయి, ఆ శతాబ్దం చివరికి ఫిల్టర్లు వచ్చాయి. మట్టి ముంతలోనూ తగరం గ్లాసులోనూ తాగినంతకాలం ఎవరికీ పట్టని మసక, గాజులో పోసేసరికి లోపమైంది. మన మిత్రులు కిటికీ దగ్గర నిలబడి చూసుకునే ఆ మెరుపుకు ఇంత చరిత్ర ఉంది.

పోనీ, తేటే గొప్పదని అందరూ ఒప్పుకుంటారా అంటే అదీ లేదు. జర్మన్ గోధుమ బీరు హెఫెవైజెన్‌ను మసకగానే పోస్తారు, సీసా అడుగున ఉన్న ఈస్టును కూడా కదిపి గ్లాసులోకి వంపుతారు. ఇప్పుడు అమెరికాలో మసక ఐపీఏలకు మంచి గిరాకీ. జూబ్లీహిల్స్ వైపు మైక్రోబ్రూవరీల్లోనూ మసక గ్లాసుకు ఏమీ తక్కువ ధర ఉండదు. అక్కడ మసక అంటే వడకట్టని, సహజమైన, అసలైన బీరు. అదే మసక కల్లులో ఉంటే? లొట్టిలో కల్లు తెల్లగా చిక్కగా ఉండేది కూడా ఈస్టు, సూక్ష్మజీవుల వల్లే కదా. దాన్ని మాత్రం 'ఆ మురికి ఎవడు తాగుతాడు' అంటారు. 2004లో హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూయించినప్పుడు ఈ వర్గం నుంచి పెద్దగా బాధ వినిపించలేదు, 2014లో మళ్ళీ తెరిచినప్పుడు ముఖాలు మాత్రం చిట్లించారు. కల్లును ఆకాశానికెత్తాలని కాదు నేననేది. కల్తీ కల్లు ఎంతమందిని మంచాన పడేసిందో తెలుసు, 2025 జులైలో కూకట్‌పల్లిలో ప్రాణాలే తీసింది. కానీ ఒకే మసక ఒకచోట మురికీ ఇంకోచోట నాణ్యతా అయినప్పుడు, చూసే కన్ను కులం నుంచీ వర్గం నుంచీ చూస్తోందని అనకుండా ఎలా ఉంటాం?

జెలటిన్ సంగతి ఇంకా విచిత్రం. అది పశువుల తోళ్ళ నుంచీ ఎముకల నుంచీ వస్తుంది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరుపుకుంటే దాడి జరిగింది. బిర్యానీ వండుకు తిన్నందుకు విద్యార్థులు దెబ్బలు తిన్నారు. ఆ రోజుల్లో 'క్యాంపస్‌లో ఇదంతా అవసరమా' అని పెదవి విరిచిన పెద్దమనుషుల్లో కొందరు ఇప్పుడు ఒక చెంచాడు జెలటిన్‌ను వేడినీళ్ళలో కరిగించి జాడీలో పోసుకుంటున్నారు. అడిగితే 'అది అడుక్కి దిగిపోతుందిగా, తాగేదాంట్లో ఉండదు' అని సమాధానం. ఎంత చక్కని మడి! పశువు పని చేసిపెట్టి అడుక్కి దిగిపోవాలి, తేట మాత్రం వీళ్ళ గ్లాసులోకి రావాలి. (శాకాహారుల అభ్యంతరాల తర్వాత గిన్నిస్ కంపెనీ సైతం చేప తిత్తి వాడకం మానేస్తున్నట్టు 2015లో ప్రకటించింది. మన తార్నాక పెద్దమనుషులకు ఇంకా ఆ పట్టింపు రాలేదు.)

ఇక ఆ అడుక్కి దిగినదాని మాట. తేట సీసాలోకి సైఫన్ చేశాక జాడీ అడుగున రెండు వేళ్ళ మందం గోధుమరంగు మడ్డి మిగులుతుంది. దాన్ని సింకులో పోసి కడిగేస్తారు (కడిగేది ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదు). ఆ మడ్డిలో ఎక్కువ భాగం ఈస్టు. బీరు కంపెనీల్లో మిగిలే ఇలాంటి ఈస్టు నుంచే మార్మైట్ అనే సారం తయారుచేస్తారు. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలకు గర్భంతో ఉన్నప్పుడు ఒక రకం తీవ్రమైన రక్తహీనత వచ్చేది, ప్రాణాల మీదికి తెచ్చేది. వాళ్ళు ఏం తింటున్నారో, ఏం తినలేకపోతున్నారో చూసింది ఆమె. ఈస్టు సారం ఇస్తే ఆ జబ్బు తగ్గుతుందని 1931లో ప్రకటించింది. అందులో ఉన్నది ఫోలేట్ అని తర్వాత తేలింది. ఇవాళ మన పీహెచ్‌సీల్లో ప్రతి గర్భిణి చేతిలో పెట్టే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక ఆ మడ్డి ఉంది. ఇంకో చిన్న సంగతి. బొంబాయితో పాటు ఆమె కూనూరులోనూ పనిచేసింది. 1918లో బెరిబెరి పరిశోధనతో మొదలైన కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని, తార్నాక చౌరస్తా నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. రక్తహీనత గురించి దశాబ్దాలుగా చెబుతున్న సంస్థ అది. దాని ఇరుగుపొరుగునే కూర్చుని మనం తేటకు చప్పట్లు కొడుతున్నాం.

మడ్డిని తాగమని ఎవరినీ బలవంతపెట్టడం లేదు, ఎక్కువైతే కడుపుబ్బరం కూడా. పారబోసేదాన్ని పనికిరానిది అని పిలిచే ముందు అది ఏమిటో తెలుసుకోవాలంటున్నాను. మన విశ్వవిద్యాలయాల్లోనూ ఈ తేటపరిచే అలవాటు లేకపోలేదు. ఒక అమ్మాయి తన ఊరి మాటతో సిద్ధాంత గ్రంథం రాసుకొస్తే 'భాష తేటగా లేదు' అని ఎర్ర గీతలు పడతాయి. అదింకో పెద్ద వ్యాసం, ఇక్కడ ఆపుతాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది చట్టం. 1968 ఎక్సైజ్ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది, తెలంగాణ ఏర్పడ్డాక మనకూ అదే కొనసాగింది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారు చెయ్యడం నేరం. ఇంట్లో తాగడానికి బీరు కాచుకునే స్వేచ్ఛ ఇంగ్లండులో 1963లో, అమెరికాలో 1978 చట్టంతో వచ్చింది. కిట్టు ఆ దేశాల స్వేచ్ఛను అచ్చువేసుకుని వస్తుంది, ఇక్కడి చట్టం సంగతి దాని పుస్తకంలో ఉండదు. మా అన్న ఇంటికి ఎక్సైజ్ వాళ్ళు వస్తారా? రారు. రాకూడదనే నేనూ కోరుకుంటాను. కానీ ధూల్‌పేటకు వస్తారు. నల్లబెల్లం కుండలు పగలగొడతారు. తండాలకు వస్తారు. 2015 నుంచి తెలంగాణలో గుడుంబా నిర్మూలన పేరుతో దాడులు జరిగాయి, కేసులు పెట్టారు, తహసీల్దార్ల ముందు బైండోవర్లు చేశారు, తర్వాత పునరావాసమూ ప్రకటించారు. అదే కాలంలో నగరంలో మైక్రోబ్రూవరీలకు నియమాలు తయారై అవి వెలిశాయి. గుడుంబా ప్రమాదకరం అనేవాళ్ళతో నాకు వాదన లేదు, నవాసారం వేసి కాచినదాన్ని నేను సమర్థించను. కానీ భర్త పోయిన, భూమి లేని ఒక ఆడమనిషి కుండ పెడితే నేరస్తురాలు, తార్నాకలో జాడీ పెడితే అభిరుచి గల మనిషి. ఒకే చట్టం కింద ఈ ఇద్దరూ ఉన్నారని ఆదివారం సాయంత్రాల్లో ఒక్కసారైనా ఎవరైనా అన్నారా?

జార్ఖండ్, ఒడిశా సంతల్లో ఆదివాసీ ఆడవాళ్ళు కాచి అమ్మే హండియా, బియ్యపు బీరే. మసకగానే ఉంటుంది. మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో మార్చి, ఏప్రిల్ తెల్లవారుజాముల్లో ఇప్పపూలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలే. 1996 పెసా చట్టం మత్తు పానీయాలను నియంత్రించే అధికారం షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు ఇచ్చింది. కాగితం మీదయినా ఆ ఆడవాళ్ళు ఒక సభలో కూర్చుని నిర్ణయించవచ్చు అని అర్థం. తార్నాక ఫ్లాటులో, కోల్డ్ క్రాష్ కోసం ఫ్రిజ్ ఎప్పుడు ఖాళీ చెయ్యాలన్న విషయంలో ఆ మాత్రం సభ కూడా జరగలేదు.

దూబగుంట గుర్తు చెయ్యకుండా ఈ ఊళ్ళో మద్యం గురించి రాయలేం. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి వెళ్ళారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమాన్ని తాగుబోతు మొగుళ్ళ మీద భార్యల తిరుగుబాటుగా, నీతి పోరాటంగా పత్రికలు రాసుకున్నాయి. అప్పట్లో ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉన్న అన్వేషి 1993 జనవరిలో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాస్తూ, ఆ ఆడవాళ్ళు రాజకీయాన్నే తిరిగి నిర్వచిస్తున్నారని చూపించింది. సర్కారు ఆదాయం ఎవరి అన్నం కుండలోంచి వస్తోంది అన్నది వాళ్ళ ప్రశ్న. మద్యం మంచిదా చెడ్డదా అన్నచోట వాళ్ళు ఆగలేదు. ముప్ఫై ఏళ్ళు దాటాక అదే క్యాంపస్ చుట్టూ మనం ఇంకా మద్యం ప్రగతిశీలమా కాదా అని వాదించుకోవడం చూస్తే సిగ్గేస్తుంది.

'అయితే అక్కా, మేమే కాచుకుంటాం. మగవాళ్ళకేనా ఈ సరదా?' అని లేడీస్ హాస్టల్ నుంచి వచ్చే ఒక చెల్లెలు నన్ను నిలదీసింది. మంచి ప్రశ్నే. చట్టం సంగతి ఆమెకు చెప్పాను. ఆ చట్టం మారాలని అడిగేటట్టయితే జాడీకీ కుండకూ కలిపే అడగాలని చెప్పాను. జాడీ వరకే సడలింపు తెచ్చుకుని ధూల్‌పేట ఆడవాళ్ళను వదిలేసే స్వేచ్ఛ నాకొద్దు. ఇక కాచే ఇళ్ళ మాట. ఎవరు కాస్తే వాళ్ళే సీసాలు కడగాలి. చల్లని చోటు కావాలంటే ఎవరి జీతంతో వాళ్ళు రెండో ఫ్రిజ్ కొనుక్కోవాలి, లేదంటే మూడు వారాలు ఆగాలి. ఆగడం రానివాళ్ళు మసకగా తాగాలి. అన్న ఇంటికి ఈ మాటలు ఇప్పటికే చేరాయి. 'మరీ అంత పట్టింపా' అన్నాడట. వదిన నాకు ఫోన్ చేసి ఇంకో జాడీ వస్తోందని చెప్పింది, ఈసారి ఐదు గాలన్లదట.